విప్పని గోనెగుడ్డ

కంబదూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో పొట్టేలుకు కడుపు కింద గోనెగుడ్డ కట్టేవాళ్లు. అది ఉన్నంతకాలం గొర్రెలు సూడి కట్టవు. ఆరుద్ర కార్తెలో వాన పడ్డాక గుడ్డ విప్పితే, వేరుశనగ కోతలు ముగిసే వేళకు ఈనతాయి. అప్పటికి చేలల్లో రాలిన ఆకు ఉంటుంది, తల్లికి పాలుంటాయి, పిల్ల బతుకుతుంది. ఈ సంగతి మా మామకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ తొందరపడ్డాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మందలో సగానికి పైగా అత్త పుట్టింటి నుంచి వచ్చిన గొర్రెలే. యాభైల చివర్లో, నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఒక ఏడు ఆరుద్రకు ఇంకా రెండు నెలలుండగా, భరణి కార్తెలోనే పెద్ద వాన కురిసింది. కరువుకు ఎండిన బీడు పచ్చబడింది. మామ మొహం వెలిగిపోయింది. పక్క మందల వాళ్లు గుడ్డలు విప్పుతున్నారని తానూ విప్పబోయాడు. వాకిట్లో రాగులు చెరుగుతున్న అత్త తలెత్తకుండానే చెప్పింది.

“ఇది నమ్మే వాన కాదు. ఆరుద్ర రానీ.”

వానల సంగతి నాకు చెప్పొచ్చావా అని నవ్వి, ఆయన విప్పేశాడు.

ఆ తర్వాత చినుకు లేదు. విత్తిన చేను మొలకలోనే మాడింది. గొర్రెలు మాత్రం హస్త కార్తెలో వరసగా ఈనాయి. తల్లుల డొక్కలు ఎండిపోయాయి, పొదుగు పిండితే చుక్క రాలేదు. మేత కోసం ముదిగుబ్బ వైపు కొండలకు తోలాలి. పసిపిల్లలు అంత దూరం నడవలేవు. అలాగని తల్లినీ పిల్లనూ కలిపి ఇక్కడే ఉంచితే రెండూ దక్కవు. మామ తేల్చుకోలేకపోయాడు. అత్తే తేల్చింది: తల్లులు కొండకు, పిల్లలు ఇంటి దగ్గర.

తోలుకుపోయే పొద్దున గొర్రెలు వెనక్కి తిరిగి అరుస్తూనే ఉన్నాయి. మామ కండువాతో కళ్లు తుడుచుకోవడం చూశాను. కోపం పోలేదు గానీ జాలేసింది. నేనూ అత్తా గుడ్డ పీలికలు మేకపాలలో ముంచి, పాలు దొరకని పూట రాగిగంజిలో ముంచి పిల్లల నోట్లో పెట్టాం. ఒక్కటీ మిగల్లేదు.

ఆలస్యంగా వానలు పడ్డాక మంద తిరిగొచ్చింది. తల్లులు చాలావరకు బతికాయి. అవి నేరుగా దొడ్డిలోకి ఉరికి మూలమూలా వాసన చూశాయి. మామ బయటే నిలబడిపోయాడు. అత్త ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆయనకే తేలికయ్యేదేమో.

మరుసటి ఏడు ఆరుద్ర నిండుగా కురిసింది. ఊరంతా గుడ్డలు విప్పారు, మామ విప్పలేదు. ఇంకొక వాన చూద్దామన్నాడు. అదీ పడింది. ఇంకొకటి చూద్దామన్నాడు. అత్త నోరు తెరవబోయి ఊరుకునేది. చూస్తుండగానే అదను దాటిపోయింది.

ఆ ఏడు మేత దండిగా దొరికింది. ఊళ్లో ప్రతి దొడ్డిలోనూ పిల్లల గోల, మా దొడ్డిలో మాత్రం చప్పుడు లేదు. అత్త పుట్టింటి గొర్రెలకు అప్పటికే పళ్లు అరిగాయి. మళ్లీ ఈనే వయసు వాటికి లేకపోయింది. ఏడాదికి కొన్నిగా తగ్గిపోయి, ఆ సంతతి మా ఇంట్లో లేకుండా పోయింది.

అరవైల చివర్లో, మామ పోయాక, ఒకసారి ఆయన తొందర గురించి అత్త ముందు విసుక్కున్నాను. ఆమె నన్ను ఆపింది.

“మీ మామ తప్పు మొదటి ఏడుదే. రెండో ఏడుది నాది. మేత మోకాలెత్తు ఉండాది, వాన పడతాండాది, అంతా కండ్లతో జూస్తా నోరు మూసుకొంటిని. పాత మాట ఎత్తినట్టయితాదని, ఆయన బాధపడతాడని. గుడ్డ ఇప్పు అని ఒక్క మాట అనింటే ఇప్పిండేవాడు.”