పెద్దమ్మ పాటలో నేను కొట్టేసిన మాట

మొన్న మా మనవరాలు ఫోన్ చేసింది. సంగీతం చదువుకుంటున్న పిల్ల కదా, నేను ఎప్పుడో అచ్చు వేయించిన పుస్తకం ఎక్కడో పాత పుస్తకాల దుకాణంలో దొరికిందట, అందులోని నాట్ల పాటను వాళ్ల కాలేజీలో పాడాలనుకుంటోందట, బాణీ ఎలా ఉంటుందో కాస్త కూనిరాగం తీసైనా వినిపించమని అడిగింది. గొంతు బాగాలేదని అబద్ధం చెప్పి పెట్టేశాను. ఆ ఇరవై పాదాలూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను గానీ బాణీ మాత్రం ఒక్క ముక్క రాదు. ఎందుకు రాదో ఆ పిల్లకు చెప్పే ధైర్యం లేక, నాట్ల పాట చెవిన పడ్డ నా ఈడువాళ్లకు చెప్పుకుంటున్నాను.

ఆ పాట మా పెద్దమ్మది, అంటే మా అమ్మ అక్కది. వేములపల్లి పక్కన ఒక పల్లెలో ఉండేది. పెళ్లయిన మూడో ఏటనే పెదనాయన పోయాడు. ఆ రోజుల్లో మొగుడు పోయిన ఆడదాన్ని లోకం ఎలా చూసేదో మీకు తెలియంది కాదు. ఆమె ఎదురొస్తే వెనక్కి వెళ్లి, అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ కదిలేవాళ్లు కాదు, మా అమ్మతో సహా. పెళ్లికి పిలిచినా వెనక గదిలో కూరలు తరగడానికే. అలాంటిది, సాగర్ కాలువ నీళ్లు మా వైపు మళ్లిన కొత్తలో పొలాలన్నీ వరికి తిరిగి, నాటు వేసే ఆడవాళ్లకు కరువొచ్చినప్పుడు, మా పెద్దమ్మ పాట చెప్పే ముఠా కోసం రైతులు గుమ్మం ముందు పడిగాపులు పడేవాళ్లు. పాట చెప్పే మనిషికి ఒక మర్యాద ఉండేది. మడిలో దిగేటప్పుడు మొదటి నారుకట్టను రైతు తన చేత్తో ఆమె చేతిలో పెట్టాలి. ముత్తైదువకే పెట్టవలసిన ఆ కట్టను, ఆ గొంతు కోసం, కళ్లు మూసుకుని మా పెద్దమ్మ చేతిలో పెట్టేవాళ్లు. ఏడాది మొత్తంలో ఆ కొద్ది రోజులే ఆమె అందరిలాంటి మనిషి.

నేనప్పుడు సూర్యాపేటలో కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. కవినని పేరు తెచ్చుకోవాలని ఒకటే ఆత్రం. సెలవుల్లో గట్టు మీద కూర్చుని, రాగం సంగతి పట్టించుకోకుండా, ఆ పాట మాటలు మాత్రం రాసుకున్నాను. ఇంటికొచ్చి, తగుదునమ్మా అని దిద్దడం మొదలుపెట్టాను. బతుకును జీవనము చేశాను. పాదం పాదానికీ చివర ‘ఓ వదినో’ అని వస్తుంది, ముఠా అంతా దాన్నే అందుకుంటుంది. అర్థం పర్థం లేని ఊతపదమని అన్నిచోట్లా కొట్టేశాను. గణాలు కుదిరాయి. పుస్తకం అచ్చయింది.

మా హెడ్మాస్టరు కోదాడ అవతల నుంచి వచ్చినాయన, సాహిత్యమంటే చెవి కోసుకుంటాడు. స్కూల్లో సభ పెట్టి, “ఆ పాట ఆవిడ చేతే పాడిద్దామండీ, రక్తి కడుతుంది” అన్నాడు. పెద్దమ్మను తీసుకొచ్చి వారం రోజులు ఇంట్లో పెట్టుకుని నా పాఠం వల్లె వేయించాను. చదువు రాని మనిషి, పాపం, వంట చేస్తూ కూడా గొణుక్కునేది. ఒకరోజు నెమ్మదిగా అడిగింది.

“వదినో అన్నప్పుడే నడుం లేస్తది, ఎనక్కి అడుగు పడ్తది. గది తీసేస్తివి, ఇగ నేను ఊపిరి యాడ తీసుకోవాలె బిడ్డా?”

“ఇది నాటు గాదు పెద్దమ్మా, సాహిత్యం. రాసింది రాసినట్టు పాడు” అన్నాను.

సభలో రెండు పాదాలు పాడింది. మూడో పాదంలో ఊపిరి అందలేదు. నోటి నుంచి ‘ఓ వదినో’ దానంతటదే వచ్చేసింది, దాంతోపాటే నడుము వంగి, చేయి బల్ల మీద నాటు వేసినట్టు కిందికి పోయింది. సభ గొల్లుమంది. నేనూ నవ్వాను. అందరికంటే ముందు నేనే నవ్వానేమో కూడా. మైకు లాక్కుని, చదువు లేని మనిషి, మన్నించాలి, అసలు పద్యం నేను చదువుతానని ఇరవై పాదాలూ చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. కూర్చోమని నేను చెప్పలేదు గనక, చదివినంతసేపూ ఆమె నా పక్కనే నిలబడి ఉంది.

ఆ ఏడు నాట్లకు పాట ఎత్తుకుంటే మూడో పాదంలో తడబడింది. తన మాట రావాలో నా మాట రావాలో తెలియక ఆగింది. ముఠా చేతులన్నీ ఒక్కసారే పడే కైకట్టు చెదిరి, సాళ్లు వంకర పోయాయి. “ముండమోపి చేతిల కట్ట పెడితే గిట్లనే అయితది” అన్నాడట రైతు, అదే చేత్తో ఏటేటా పెట్టినవాడు. మర్నాటి నుంచి కట్ట ఇంకొకామెకు పోయింది. మా పెద్దమ్మ వరుస చివరికి పోయి, నోరు మూసుకుని నాటు వేసింది. మళ్లీ పాడలేదు.

కొన్నేళ్లకు మిర్యాలగూడ దవాఖానలో పడింది. అప్పటికి నాకు కాస్త బుద్ధి వచ్చింది. బుద్ధి అంటే పశ్చాత్తాపం అనుకునేరు, బాణీ లేని పాట పాటేమిటని ఒక పెద్దమనిషి నలుగురిలో ఎగతాళి చేశాడు, అందుకని పోయాను. మంచం పక్కన కూర్చుని, వదినోతోనే ఒక్కసారి పాడు పెద్దమ్మా అని బతిమాలాను. నా వంక చూసింది. పాడలేదు. ఇరవై పాదాలూ, నేను దిద్దినవి దిద్దినట్టే, ఎక్కాలు అప్పజెప్పినట్టు రాగం లేకుండా అప్పజెప్పింది. జీవనము అనే మాటను ఎంత స్పష్టంగా పలికిందో.

“ఇప్పుడన్న తప్పు లేకుంట వచ్చిందా బిడ్డా?”

వచ్చిందన్నాను. కళ్లు మూసుకుంది. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు వేములపల్లి మళ్లలో మిషన్లు నాటు వేస్తున్నాయి. సాళ్లు గీత గీసినట్టుంటాయి, కట్ట ఎవరి చేతిలో పెట్టాలన్న పేచీ లేదు, మొగుడు పోయిన ఆడవాళ్లు పెళ్లిళ్లలో ముందు వరుసలోనే కూర్చుంటున్నారు. మంచిదే. వాళ్లలో ఒక్కరికైనా ఆ పాట తెలుసేమోనని రెండేళ్ల కిందట అడుగుతూ తిరిగాను. పాట చెప్పే ముసలామె ఒకతె ఉండేదట, పట్నం సభలో నవ్వులపాలైందట, అంతే తెలుసు వాళ్లకు.

నిన్న మనవరాలు మళ్లీ ఫోన్ చేసింది. తనే ఒక బాణీ కట్టుకుని పాడి వినిపించింది. గొంతు బాగుంది. మూడో పాదంలో ఆగిపోయి, “తాతా, ఇక్కడ ఊపిరి అందట్లేదు, ఏదో మాట తగ్గినట్టుంది, చూసి చెప్పవా” అంది.

రాసింది రాసినట్టు పాడు బిడ్డా అన్నాను.