రాజన్న వేసిన అడుగు పైపు

సముద్రాన్ని క్యాలెండరు బొమ్మలో తప్ప చూడని మనిషి సముద్రాన్ని కాపాడిన వైనం ఇది. కాపాడదామని అతనికి ఉబలాటమేమీ లేదు. గౌలిపుర రాజన్నకు ఉన్న పట్టుదల ఒక్కటే: తన షాపులో చేసిన పాత్ర కారకూడదు.

తండ్రి పాల క్యాన్లు చేసేవాడు. బర్రెలున్న ఇళ్లన్నిటికీ ఆయన క్యాన్లే. పూర్తయిన క్యాను నిండా నీళ్లు పోసి, పొడి బూడిద పరిచిన బండ మీద ఒక దినమంతా నిలబెట్టేవాడు. మర్నాడు ఎత్తి చూస్తే బూడిద ముద్ద కట్టి ఉందా, ఆ క్యాను మళ్లీ నిప్పుకే. పొడిగా ఉంటేనే అడుగున తన పేరు మొదటి అక్షరం ఉలితో కొట్టేవాడు. ఇప్పుడు టంకం పోయి ఆర్గాన్ వెల్డింగు వచ్చింది, బర్రెలు ఊరి బయటికి పోయాయి, పాలు ప్లాస్టిక్ సంచుల్లోకి పోయాయి. బూడిద మాత్రం ఉంది. రాజన్న హోటళ్లకు నీళ్ల డ్రమ్ములు చేసినా ఆ బండ మీద నిలబెట్టందే పంపడు. డానియేలు అనే వెల్డరొకడు పదేళ్లుగా అతని దగ్గరే ఉన్నాడు. పని మాత్రం ఏడాదికేడాది సన్నగిల్లుతోంది.

అలాంటప్పుడు విఠల్‌రావు వచ్చాడు. ఏదో ఆఫీసులో ముప్పై ఏళ్లు కుర్చీని వెచ్చబెట్టి రిటైరైన పెద్దమనిషి. ఏ కాగితం మీద ఎవరి సంతకం ఎప్పుడు పడుతుందన్నది తప్ప అక్కడ ఇంకేమీ నేర్చుకోలేదు. ఆ విద్య మీదే ఇప్పుడు కాంట్రాక్టులు చేస్తున్నాడు. కోస్తాలో ఒక రేవులో విహార లాంచీలు తిరుగుతాయట. పుట్టినరోజులు, డాన్సులు, బిర్యానీ, పైన రంగు దీపాలు. కింద టాయిలెట్, దాని గొట్టం సరాసరి నీళ్లలోకి. రేవు అధికారులకు ముక్కులున్నట్టు ఈ మధ్యే గుర్తొచ్చింది. ఇకమీద ఏ లాంచీ మురికి రేవులో వదలకూడదు, ప్రతి లాంచీ అడుగున ఒక స్టీలు ట్యాంకు ఉండాలి, జెట్టీ మీద పంపు పెట్టి తోడించుకోవాలి, లేకపోతే లైసెన్సు రద్దు. అరవై ట్యాంకులు కావాలి. మొదట ఇరవై, నచ్చితే తక్కిన నలభై. ఆ అరవై వస్తే రాజన్న షాపు నిలుస్తుంది. రాకపోతే షట్టరు దించడమే.

కోస్తావాళ్లను ఆడిపోసుకోవడానికి మనకు అర్హత లేదు. మనం మూసీలోకి వదిలేది మూసీ కృష్ణకిస్తుంది, కృష్ణ సముద్రానికిస్తుంది. నాలుగు వేల ఏళ్ల కిందటి సింధు పట్టణాల్లో ఇటుక కాలువలకు మూతలుండేవని చదివి గర్వపడతాం, మన వీధి మోరీ మూత ఎవడెత్తుకుపోయాడో కనుక్కోలేం. అయినా మనది బద్ధకం. విఠల్‌రావు తెచ్చినది తెలివి. బద్ధకం కంటే తెలివి కంపు ఎక్కువ.

మొదటి డ్రాయింగు బాగానే ఉంది. పైన మూత, లోపలికొక పైపు, తోడెయ్యడానికొక పైపు. వారానికి విఠల్‌రావు రెండో డ్రాయింగు తెచ్చాడు. ట్యాంకు అడుగున ఇంకో పైపు, దానికో వాల్వు.

"గిదేంది రావ్ సాబ్?" అన్నాడు రాజన్న.

"చిన్న చేంజ్. క్లీనింగ్‌కు."

"క్లీనింగ్‌కు మీద మూతున్నది కద. కింది పైపు ఏడికి పోతది?"

"బయటికి."

"బయటికంటే?"

"పడవకు బయట ఏముంటదయ్యా, చార్మినారుంటదా? సముద్రం!"

"సముద్రంల ఇడువొద్దనే కద ఈ ట్యాంకు."

"ఇడువొద్దనేది కాయిదం మీద. ఆఫీసరొచ్చినప్పుడు వాల్వు బందుంటది, పోయినంక తెరుస్తరు. పంపు కాడ లైన్ల నిలబడే టైం లాంచీ ఓనర్లకు ఏడిది?"

"అడుగున బొక్కుంటే ట్యాంకెట్లయితది సాబ్? మోరీ అయితది."

"పేరుతోని నీకేం పని? నువ్ చెయ్యకుంటే కార్వాన్ బస్తీల చేసెటోళ్లు మస్తున్నరు." ఇంత మాట అని, స్టీలు పొడి అంటిందేమోనని ప్యాంటు దులుపుకుని విఠల్‌రావు వెళ్లిపోయాడు.

రాజన్న ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేశాడు. భార్య సక్కుబాయి కంచం తీస్తూ అడిగింది: "ఏందయ్యా, చేస్తనన్నవా, చెయ్యనన్నవా?"

"చెయ్యనంటే షాపు పాయె."

"చేస్తే?"

"చేస్తే బాపు అక్షరం మోరీ మీద కొట్టాలె."

"గట్లయితే ఆయన రాసిచ్చిన కాయిదం సక్కగ సూడు. పెద్దోళ్లు నోటితోని చెప్పేదొకటి, రాసిచ్చేదొకటి."

రాజన్న డ్రాయింగు వెలుతురులో పరిచి చూశాడు. పైపు గీశారు. వాల్వు గీశారు. కొలతలు వేశారు. ట్యాంకు అడుగు రేకుకు రంధ్రం మాత్రం గీయలేదు. గీస్తే రేపెవరైనా అడుగుతారని భయపడ్డారు. దొంగతనానికి ప్లాను గీసి, కన్నం వేసే చోట గీత ఆపేసిన ఘనులు.

మర్నాడు పొద్దున డానియేలుతో అన్నాడు: "అడుగుకు పైపు అతికియ్యి. రేకు కొయ్యకు."

"కొయ్యకుంటే నీళ్లెట్లొస్తయన్నా?"

"రావు."

"మరి వాల్వు?"

"వాల్వు అడిగిండ్రు, వాల్విద్దాం. కాయిదం మీద బొక్కుంటే నువ్వే చూపియ్యి."

డానియేలు డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక, మొహానికి అడ్డం పెట్టుకునే వెల్డింగు అద్దం దించేశాడు. "యేసయ్యా! గోడకు తలుపు బొమ్మ గీసి గొళ్లెం పెట్టినట్లున్నది గదన్నా!"

ఇరవై ట్యాంకులూ అలాగే తయారయ్యాయి. నిండా నీళ్లు పోసి, అడుగు వాల్వు పూర్తిగా తెరిచిపెట్టి, ఒక్కొక్కదాన్నీ బూడిద మీద నిలబెట్టాడు రాజన్న. ఇరవై సార్లూ బూడిద పొడిగానే ఉంది. ఇరవై సార్లూ అక్షరం కొట్టాడు.

లారీకెత్తే రోజు విఠల్‌రావు తనిఖీకి వచ్చాడు. తనిఖీ అంటే ఫోనులో ఫోటోలు తీయడం. అవి చూసి కోస్తాలో ఇంకొకడు సంతకం పెడతాడు. అందుకు వాడికి జీతం. చివరి ట్యాంకులో నీళ్లు ఇంకా వంపలేదు. విఠల్‌రావు దాని ముందు ఆగాడు. చేయి వాల్వు మీదికి పోయింది. డానియేలు పక్కకు తిరిగాడు.

"తిప్పున్రి సాబ్," అన్నాడు రాజన్న. "జర కాళ్లు ఎడం పెట్టున్రి. కొత్త బూట్లున్నయ్."

విఠల్‌రావు కిందికి చూసుకున్నాడు. మెరుస్తున్న బూట్లు. చేయి వెనక్కి తీసుకున్నాడు. "చూసేదేముంది, నువ్ చేసినవంటే అయిపాయె," అని ఒక అడుగు దూరం జరిగి ఫోటో తీశాడు. అరవై పడవల మురికి సముద్రంలో కలపడానికి వెనకాడని మనిషి, మంచినీళ్లు బూటు మీద పడతాయని వెనకాడాడు.

రెండు నెలలకు ఫోను. శ్రవణ్‌కుమార్ అని, ఆ రేవులో లాంచీ ఓనరు.

"ఏవండీ, మీ ట్యాంకు వాల్వు ఎంత తిప్పినా ఏమీ రావట్లేదండీ!"

"ఏం రావాలె సార్?"

"అదేనండీ... క్లీనింగు."

"ఆఫీసరుకు చూపియ్యున్రి సార్. ఆయన చెప్పంగనే నేనొచ్చి బాగు చేస్త."

"ఆఫీసరుకెలా చూపిస్తామండీ? ట్యాంకు తీద్దామంటే డెక్కంతా పీకాలి. లక్షణంగా ముంచారు కదండీ!"

ఆ సాయంత్రమే విఠల్‌రావు ఊగిపోతూ వచ్చాడు. "డ్రాయింగ్ ప్రకారం చెయ్యలే నువ్వు! నా పరువు తీసినవ్!"

రాజన్న డ్రాయింగు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "బొక్క ఏడున్నదో చూపియ్యున్రి సాబ్. ఉంటే రేపే పోయి, పడవల కిందికి దూరి కోసొస్త."

"బొక్క ఎవడన్న గీస్తడా?"

"మీరు గీయనిది నేనెట్ల కోస్త?"

"దగా చేసినవని కేసు పెడ్త!"

"పెట్టున్రి. మురికి సముద్రంల కలుస్తలేదు, గౌలిపుర రాజన్న దగా చేసిండని రాయున్రి. నేనే వేలిముద్రేస్త."

విఠల్‌రావు నేర్చిన ముప్పై ఏళ్ల ఆఫీసు విద్యలో ఇలాంటి అర్జీకి నమూనా లేదు. "మిగిలిన నలభై కార్వాన్‌కిచ్చిన. నా పని నీకిగ దొరకది," అని వెళ్లిపోయాడు. అన్నంత పనీ చేశాడు. ఆ నలభైకి అడుగున బొక్కలు శుభ్రంగా కోశారని తర్వాత తెలిసింది. వాటికీ ఫోటోలు తీశారు, వాటికీ సంతకాలు పడ్డాయి.

రాజన్న షాపులో సగం ఇప్పుడు అద్దెకిచ్చిన గాజుల దుకాణం. మిగిలిన సగంలో కిటికీ గ్రిల్లులు చేస్తున్నాడు, దొరికినప్పుడు. మొన్న నేను వెళ్లి అక్కడ కూర్చున్నప్పుడు గ్రిల్లు పని కూడా లేదు. అప్పుడు మళ్లీ శ్రవణ్‌కుమార్ ఫోను చేశాడు. ఈసారి గొంతు చల్లబడింది.

"ఏవండీ, జెట్టీ మీద పంపు గొట్టం మీ తోడే పైపుకి పట్టట్లేదండీ. గాలి పీలుస్తోంది. ఏం చెయ్యమంటారు?"

రాజన్న లేచి నిలబడ్డాడు. "రెండించుల కప్లింగ్ తీస్కోన్రి సార్. మధ్యల రబ్బరు వాషరెయ్యున్రి. బిగిచ్చెటప్పుడు జోరు చెయ్యొద్దు. పట్టకుంటే మళ్ల ఫోన్ చెయ్యున్రి, నేనిక్కడ్నే ఉంట."