గంట నొక్కని ఇద్దరు

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చాక మనిషి చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం ఎందుకు వెతుకుతుంది? ఎన్నేళ్లు ఆలోచించినా జవాబు దొరకని ప్రశ్న ఇది.

లిఫ్టు మేస్త్రికి యాభై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. శనివారం మధ్యాహ్నాలు, రోగులు రాని వేళ, మూడో అంతస్తులోని పళ్ల డాక్టరు గదిలో ముగ్గురు స్నేహితులు చేరి వింత ప్రేమ సినిమాలు చూసేవారు. సినిమా తెచ్చేది వారానికొకరి వంతు. డాక్టరు, మేస్త్రి కాక మూడో మనిషి కొట్లకు బోర్డులు రాసే ఆవిడ. ఆవిడతో ఒక్క మాట చెప్పాలని మేస్త్రి మూడేళ్లుగా తంటాలు పడుతున్నాడు. నోరు పెగలక, తన బదులు ఆ మాట చెప్పే సినిమా వెతికి తెచ్చాడు. ఆగిపోయిన లిఫ్టులో ఇద్దరు మనుషులు, రెండు గంటల సేపు. అంతే కథ.

సినిమా అయ్యాక డాక్టరు, రోగులు పడుకునే కుర్చీలోంచి ఒళ్లు విరుచుకుంటూ లేచాడు.

"నా నడుం పట్టేసింది. పైగా ఆ హీరోకి ముందు పళ్లు రెండూ కట్టుడువి. అంత దగ్గర్నుంచి చూశాక కూడా ఆ పిల్ల ఎలా ప్రేమించిందయ్యా?"

"పోయిన వారం నేను తెచ్చిందే నయం," అంది బోర్డులావిడ. అందులో ఒకామె బట్టల కొట్టు అద్దం వెనకున్న బొమ్మను ప్రేమిస్తుంది. "ఎంత మర్యాదస్తుడండీ ఆ బొమ్మ! ఎదురు చెప్పడు, సలహాలివ్వడు, గురక పెట్టడు."

"కదల్లేడు గనక పడున్నాడు," అన్నాడు మేస్త్రి. చెవులు ఎర్రబడ్డాయి. "ఈ లిఫ్టులోవాళ్లకి చేతులున్నాయి. పక్కనే గంట ఉంది. ఇద్దరూ నొక్కలేదు. అదండీ..."

"అదంటే?" అంది ఆవిడ.

"అదే."

"గంట పాడైపోయుంటుంది లెండి."

"గంట పాడవదు!" మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ముప్పై ఏళ్ల సర్వీసు నాది. లిఫ్టు ఆగాక నిమిషం ఓపిక పట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూళ్లేదు."

"అయితే పదండి, మనం ఎంతసేపు నొక్కకుండా ఉంటామో చూద్దాం," అని ఆవిడ లేచింది. డాక్టరు ఉత్సాహంగా చేతి గడియారం విప్పి లిఫ్టు బయట నిలబడ్డాడు.

ఇద్దరూ కిందికి దిగుతూ రెండో అంతస్తు దాటాక మేస్త్రి తాళంచెవి తిప్పాడు. లిఫ్టు ఆగింది. ఆవిడ గంట మోగించే ఎర్ర బొత్తాం పక్కన తలుపుకు ఆనుకుని, వేళ్లకంటిన నీలం రంగు గోటితో గీక్కుంటూ, "ఊఁ, చెప్పండి," అంది.

మాట గొంతులోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ బరువుకు తలుపు మీది చక్రం కిర్రుమంది.

"ఒక్క నిమిషమండీ."

"అది ఎప్పట్నుంచో అరుస్తోంది మేస్త్రిగారూ."

"అరవనిస్తామా మరి?"

మేస్త్రి సంచిలోంచి టార్చి, స్క్రూడ్రైవర్ తీసి చక్రం విప్పడం మొదలెట్టాడు. టార్చి ఆవిడే పట్టుకుంది. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంది. "అయిందా?" అని ఒక్కసారే అడిగింది.

"అయింది. ఇంక పదేళ్లు ఢోకా లేదు," అని మేస్త్రి మురిసిపోతూ తాళంచెవి తిప్పాడు.

మూడో అంతస్తులో తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఎదురుగా డాక్టరు గంతులేస్తున్నాడు.

"ఇరవై రెండు నిమిషాలు! గంట మోగలేదు! ఇద్దరూ గెలిచారయ్యా! ఇంతకీ ఏం మాట్లాడుకున్నారు?"

"చక్రం గురించి," అని ఆవిడ టార్చి మేస్త్రి చేతిలో పెట్టింది.

అప్పుడు చూశాడాయన, ఇంతసేపూ మోచేతికి జానెడు దూరంలో ఉన్నా ఆవిడ నొక్కని ఎర్ర బొత్తాన్ని. చూసి, ఆవిడ వంక చూడలేకపోయాడు. స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా, అప్పుడే బాగుచేసిన లిఫ్టును వదిలేసి, మెట్లమీదుగా దిగి వెళ్లిపోయాడు.