నిండా పోసిన కాఫీ

మొన్న కుప్పంలో మా ఆడబిడ్డ గ్లాసు అంచు దాకా కాఫీ పోసి చేతికిచ్చింది. వేళ్లు కాలుతున్నా తాగకుండా అట్లే పట్టుకుని కూర్చున్నాను. "ఏందొదినా, కాఫీలో సినిమా కనబడతాందా? తాగు" అని ఎగతాళి చేసింది. అంతకు ముందురోజే నాకు కువైట్ నుంచి ఫోను వచ్చిందని దానికేం తెలుసు.

మా ఆయన పోయి, పుంగనూరు దగ్గర మా బోరూ ఎండిపోయినాక, మదనపల్లె ఏజెంటు మాట నమ్మి కువైట్‌లో ఇంటిపనికి పోయాను. ఆ ఇంటి మేడమ్‌కూ మొగుడు లేడు. ఈజిప్టులో పుట్టి, పెళ్లయి వచ్చిన మనిషి. మొగుడి దేశం పౌరసత్వం కోసం పుట్టిన దేశానిది వదిలేసుకుంది. ఇంటి ముందుపక్క ఒక పెద్ద గది. సాయంత్రమైతే మరుదులూ చుట్టాలూ అందులో చేరి, రాజు గురించీ, వాళ్లు ఓట్లేసి ఎన్నుకున్న సభ గురించీ గొంతులు చించుకునేవాళ్లు. మన టీ అంగడి మాదిరే, కాకపోతే కింద తివాచీ, గదంతా ఏలకుల వాసన.

కాఫీ పోసే మనిషి రాని రోజు నన్ను పోయమన్నారు. వచ్చినవాళ్లలో పెద్దాయనకు మర్యాదగా, వాళ్లు కాఫీ తాగే పిడి లేని చిన్న గిన్నె నిండా పోశాను. మన వైపు సగం పోసిస్తే ఊరంతా చెప్పుకోరూ! ఆయన మొఖం నల్లబడింది. గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాడు. మేడమ్ పరుగున వచ్చి, ఏదో చెప్పి నవ్వించి కూర్చోబెట్టింది. అక్కడ కొంచెమే పోయాలంట, మళ్లీ మళ్లీ పోయాలంట. నిండా పోస్తే, తాగి ఇంక పో అన్నట్టంట. నేను వంటింట్లో ఏడుస్తుంటే మేడమ్ వచ్చింది. ఆమె చెప్పింది అరబ్బీలోనే, నాకు గుర్తుండేది మాత్రం మన మాటల్లోనే: "యాలమ్మా ఏడుస్తావు? కొత్తకోడలప్పుడు నేనూ ఇట్లే పోసినా. ఈ దేశం నన్ను తన మనిషిని చేసుకోలేదా?"

మోకాళ్లు అరిగి నేను తిరిగొచ్చేశాను. తర్వాత ఆ రాజు సభను మూసేసి, రాజ్యాంగాన్ని సరిచేయాలని అందులో కొన్ని నిబంధనలు పక్కన పెట్టాడని వార్తల్లో చెప్పారు. రాజుల సంగతి మనకేంలే అనుకున్నాను. ఆ వెనకాలే పౌరసత్వం చట్టమూ మారింది. పెళ్లితో ఆ దేశం వాళ్లయిన ఆడవాళ్లకు అది తీసేయడం మొదలుపెట్టారు. యాల తీసేస్తాండారని అడిగేందుకు సభ లేదు.

"జాబితాలో నా పేరూ వచ్చిందమ్మా" అంది మేడమ్ ఫోనులో. "నా బిడ్డలు ఈ దేశమోళ్లంట, నేను కాదంట. ఇప్పటికైతే ఉండనిస్తారంట."

"మీ మరుదులు ఏమంటాండారు మేడమ్?"

"ముందుగదిలో ఇప్పుడు ఎవురూ గట్టిగా మాట్లాడరు." నవ్వింది. "ఆ పెద్దాయన గుర్తుండాడా, నువ్వు నిండా పోసినాయన? ఆయప్పను నేను కూసోబెట్టినా. నన్ను కూసోబెట్టేదెవురు?"

ఏడ్చినా బాగుండేది, ఆ నవ్వు వినలేకపోయాను.

"సల్లారిపోతాండాది, మళ్లా పోస్తా ఉండు" అని ఆడబిడ్డ గ్లాసు లాక్కుంది. కొంచెమే పొయ్యమన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ దేశం మేడమ్‌కు కొంచెం కొంచెంగా పోస్తూ ఇన్నేళ్లు కూర్చోబెట్టింది. ఈ వయసులో, ఎక్కడికి పోవాలో చెప్పకుండా, అంచు దాకా పోసేసింది.