సింగన్న నిలబెట్టిన రాయి

1943 వేసవిలో నన్ను పార్వతీపురం పైకొండల్లో రేంజరుగా వేశారు. అక్కడి అడవిని రిజర్వులో కలిపే ముందు హద్దు గీత తేల్చాలి. గీత పొడవునా చెట్లు కొట్టి, రాళ్లు పాతి, సున్నం వేసి నంబర్లు రాయాలి. ఆ తర్వాత సెలవు లేనిదే ఎవరూ లోపలికి పోకూడదు.

మా పైఅధికారి ఇంగ్లీషు దొర. అడవిని స్వయంగా చూస్తానన్నారు. దారి చూపడానికి ఆ కొండల్లోని సవర తెగ మనిషి సింగన్న వచ్చాడు. కొండ ఎక్కుతుంటే దొరగారికి ఒకటే సంబరం. మనిషి అడుగు పడని అడవి ఇంకా ఇక్కడ మిగిలిందన్నారు. ఆ మాట నేను తెలుగులో చెబితే సింగన్న నిలబడిపోయాడు.

"ఏటి బాబూ అలగంతారు? ఆ పనస, ఆ సింత మా తాత ఏసినవే. అమ్మోరొచ్చి జనం పోతే, మిగిలినోలు కిందకి దిగిపోనారు."

ఆ చెట్ల వెనక నిలువురాళ్లు వరసగా ఉన్నాయి. సవరలు పోయినవాళ్ల పేర ఒక్కో రాయి నిలబెడతారు. అంతదాకా ఆ మనిషి తనవాళ్లలో కలవనట్టే లెక్క. సింగన్న భార్య ఆ ఏడే పోయింది.

"కోతలయ్యాక దానికీ ఇక్కడే నిలబెడతాం, దాని అత్త పక్కన. అప్పుడు మమ్మల్ని రానిత్తారా బాబూ?" అని అడిగాడు.

గీతను కాస్త వంచి ఆ రాళ్లను బయట వదిలేద్దామని దొరగారితో అన్నాను. అడవి ముక్కలవుతుందన్నారు. పోనీ, కాలిబాట హక్కయినా ఇద్దామన్నాను. బాట ఇస్తే దాని వెంట పోడు మంటలూ వస్తాయన్నారు. ఆయన చెడ్డవాడు కాడు, ఆ అడవంటే ఆయనకు నిజంగానే ప్రేమ. నాకు ఒళ్లు మండింది అందుకే. సింగన్నకు ఆ సంగతి చెప్పాల్సింది మాత్రం నేనే. విని, మమ్మల్ని జాగ్రత్తగా కిందికి దింపాడు.

కోతలయ్యాక గార్డు అప్పలస్వామిని వెంటబెట్టుకుని తనిఖీకి వెళ్లాను. ఒకచోట మా హద్దురాళ్ల వరసలో ఒకటి ఎక్కువగా కనిపించింది. సన్నగా, పొడుగ్గా ఉంది. దాని అడుగున ఆకుదొప్ప, ఎండిన మెతుకులు. మావాళ్లు దానికీ సున్నం కొట్టి నంబరు రాసేశారు.

"మన రాయే అనుకున్నాం బాబూ" అన్నాడు అప్పలస్వామి.

అది సింగన్న తన భార్యకు నిలబెట్టిన రాయి. వాగులోంచి నీళ్లు తెప్పించి కడిగించాను. సున్నం పోయింది. ఆవిడ రాయి మాత్రం అత్త పక్కకు చేరలేదు, గీత ఇవతలే ఒంటరిగా ఉండిపోయింది.

ఆ తర్వాత చాలా అడవులకు హద్దులు గీశాను. కొలత గొలుసు పరిచే ముందు, ఇక్కడ మీవాళ్లు ఎవరున్నారని కొండవాళ్లను అడిగేవాణ్ని. ఎవరూ లేరన్న జవాబు నాకు ఒక్కచోటా రాలేదు.