బాబాయిగారి బొమ్మ కెమెరాలు

పక్కింటి బాబాయిగారు పోయారని కార్డు వచ్చేసరికి నేను పెరట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. "మీ బాబాయి బేస్తవారం పొద్దున పోయారు. పెద్దకర్మకు రా అమ్మాయ్" అని పిన్ని ఎవరిచేతో రాయించింది. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ కారమే. అలాగే కూర్చుండిపోయాను.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. పెళ్లయిన కొత్తలో చీరాలలో వాళ్ల పక్క వాటాలో కాపురం పెట్టాం, వరసలు కలుపుకున్నాం, అంతే. బాబాయిగారు చీరలు నేసేవారు. మగ్గం చప్పుడు ఆగిందంటే ఆయన భోజనానికైనా లేచి ఉండాలి, కెమెరా అయినా పట్టుకుని ఉండాలి.

కెమెరా అంటే స్టూడియోలో ఉండేలాంటిది అనుకునేరు. తిరనాళ్లలో ఈలల, బుడగల పక్కన పిల్లల కోసం అమ్మే బొమ్మ కెమెరా. నేను కాపురానికి వెళ్లేసరికే గూట్లో తొమ్మిది ఉన్నాయి, అన్నీ అరచేతిలో ఇమిడేవే. నాకు నవ్వాగలేదు.

"వీటిలో ఫొటో పడుతుందా బాబాయిగారూ?"

"కన్నం ఉంది, లోపల చీకటి ఉంది. ఇంకేం కావాలమ్మా?" అన్నారు.

వాటికి సరిపడే ఫిల్ము చీరాలలో దొరికేది కాదు. పెద్ద ఫిల్ము తెచ్చి ఆయనే సన్నగా కోసుకునేవారు. దానికి చీకటి కావాలి కదా. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి కూర్చుంటే పిన్ని పైన రెండు బొంతలు కప్పేది. లోపల బ్లేడుతో కోసి, కండెకు నూలు చుట్టినట్టు చుట్టేవారు. చూడకుండా చుట్టడం ఆ చేతులకు అలవాటే. ఎండాకాలంలో బయటికి వచ్చేసరికి ఆవిరి కుడుములా ఉండేవారు. పిన్ని చెంబుతో మంచినీళ్లిచ్చి "దొరికాయా లోపల ఏమన్నా లంకెబిందెలు?" అని వేళాకోళం చేసేది.

వీధిలో అందరినీ తీశారు. ఫొటోలు అగ్గిపెట్టంత ఉండేవి. మావారు సైకిలు పక్కన నిలబడి దిగిన దాంట్లో సైకిలు పూర్తిగా పడింది, మావారి తల పడలేదు. పిన్ని మాత్రం ఒక్క దాంట్లోనూ లేదు. కెమెరా అటు తిరిగితే చాలు, వంటింట్లోకి వెళ్లిపోయేది.

పిన్నికి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ముఖం నిండా మచ్చలు. అందుకే సిగ్గుపడుతోంది కాబోలనుకుని, పెద్ద తెలివైనదానిలా ఒకరోజు అన్నాను: "వీటిలో మచ్చలేం కనపడవులే పిన్నీ, అంతా మసకే కదా."

ఆవిడ చేస్తున్న పని ఆపింది. "అదే కదమ్మాయ్ నా బాధ" అంది.

లోపలికెళ్లి పెళ్లినాటి ఫొటో తెచ్చింది. బాబాయిగారి పక్కన నున్నటి ముఖంతో ఎవరో పిల్ల. స్టూడియో అతను పెన్సిలు పెట్టి మచ్చలన్నీ దిద్దేశాడట. "మా అత్తగారు ఎంత మురిసిపోయిందో. నాకు మాత్రం మీ బాబాయి పక్కన ఇంకెవరినో కూర్చోబెట్టినట్టుంది. ఆ వేళే అనుకున్నా, ఇక దిగనని." నాకు తలెత్తి ఆవిడ ముఖం చూడటానికి సిగ్గేసింది.

ఆ గూట్లో అన్ని కెమెరాలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. బాబాయిగారికి కావలసిందల్లా ఆవిడ ముఖం ఉన్నది ఉన్నట్టు పడటం. మంచి కెమెరా కొనే తాహతు లేదు. ఏ బొమ్మ కెమెరాకైనా పొరపాటున మంచి అద్దం పడి ఉండకపోతుందా అని ఏరి ఏరి తెచ్చేవారు. కొత్తది తేగానే ముందు తన అరచేతిని ఫొటో తీసి చూసుకునేవారు. గీతలు కనపడేవి కావు. "ఇదీ గుడ్డిదే" అని గూట్లో పెట్టేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. "దాని తప్పేముందమ్మా, ఆడుకోడానికి చేశారు" అనేవారు.

అలా పన్నెండయ్యాయి. ఇంతలో ఆయనకు చత్వారం వచ్చి కళ్లజోడు పడింది. పెట్టుకున్న రెండో రోజే మా గుమ్మంలోకి వచ్చి, "దగ్గరవి చూడటానికి నాకే అద్దాలు కావలసి వచ్చాయి. పాపం వాటికీ అంతేనేమో" అన్నారు.

కళ్లజోడు కెమెరా ముందు పట్టుకుని, ఎంత దూరంలో ఉండాలో నూలుపోగుతో కొలుచుకుంటూ నాలుగు ఫిల్ము చుట్టలు పాడుచేశారు. అయిదో చుట్టలో అరచేతి గీతలు పడ్డాయి. ఆ ఫొటో తెచ్చి, పొయ్యి దగ్గర పిన్ని పక్కన పెట్టి వెళ్లిపోయారు. పిన్ని దాన్ని చూసింది. చేతులు తుడుచుకుని మగ్గం గదిలోకి వచ్చి "ఎక్కడ కూర్చోమంటారు?" అంది.

వారం తర్వాత ఆవిడ ఫొటో వచ్చింది. పిన్ని దాన్ని గుమ్మంలో వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. నుదుటి మీదవీ, చెంపల మీదవీ మచ్చలన్నీ ఉన్నాయి. బాబాయిగారూ నేనూ పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడ్డాం.

"ఆఁ, నేనే" అంది.

కాస్త గంజి రాసి, పెళ్లి ఫొటోలో ఆ నున్నటి పిల్ల మీద దాన్ని అంటించింది. బాబాయిగారు ఆ రోజు ఇక మగ్గం ఎక్కలేదు. ఒక మనిషిని అలా కావాలనుకోవడం నేను ఆ ఇంట్లోనే చూశాను. చూసినందుకు ఇప్పటికీ సంతోషం.

పెద్దకర్మకు ముందురోజే చీరాల వెళ్లాను. ఇంటినిండా ఫొటోలున్నాయి గానీ ఆయనది ఒక్కటే ఉంది. కిందటేడు పిన్ని తీసిందట. దాన్ని పెద్దది చేయడానికి వచ్చిన స్టూడియో కుర్రాడు, "ముందు పన్ను లేదు కదండీ, అది పెట్టేసి, గడ్డం కూడా దిద్ది ఇస్తాను. నిండుగా ఉంటుంది" అన్నాడు. బాబాయిగారి తమ్ముడు సరేనన్నాడు.

మూలన కూర్చున్న పిన్ని నావైపు తిరిగింది. "ఒక్క వెంట్రుక కూడా ముట్టుకోవద్దని చెప్పు."

మర్నాడు ఆ ఫొటోను కుర్చీలో పెట్టారు. మాసిన గడ్డంతో, పన్ను ఊడిన నోరు బారెడు తెరిచి, కెమెరా పట్టుకున్న మనిషిని చూసి బాబాయిగారు నవ్వుతున్నారు. ఎవరో వేసిన బంతిపూల దండ జారి నోటికి అడ్డం పడింది. పిన్ని మెల్లగా లేచి వెళ్లి, ఆ పంటి సందు కనపడేలా దాన్ని పక్కకు జరిపింది.