విప్పేసిన కుట్లు

ఇరవై ఎనిమిదేళ్ల క్రితం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ లాండ్రీ రూమ్‌లో, మెషిన్లు ఆగేదాకా ఏం చేయాలో తోచక మాటలు కలిపిన ముగ్గురం మేం. అప్పటి మా వీసాల మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. తర్వాత బందరు స్నేహితురాలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో, వరంగల్ స్నేహితురాలు మందుల కంపెనీ ల్యాబ్‌లో, నేను ఊరి లైబ్రరీలో చేరాం. ఏడాది అటూ ఇటూగా ముగ్గురం రిటైరయ్యాం. అప్పటి నుంచి ప్రతి గురువారం మా బేస్‌మెంట్‌లో పాత నూలు చీరలు పొరలుగా పరిచి బొంతలు కుడుతున్నాం.

వరంగల్ స్నేహితురాలికి రెండేళ్లుగా పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణుకుతుంది. అయినా సూది వదల్లేదు. సియాటెల్ దగ్గర బాతెల్‌లో ఉన్న ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయని, పుట్టబోయే బిడ్డ కోసం ఈమధ్య ఒక చిన్న బొంత మొదలుపెట్టాం. అంచు కుడతానని ఎప్పటిలాగే బందరు స్నేహితురాలు దాన్ని ఇంటికి పట్టుకెళ్లింది.

ఒక శనివారం మధ్యాహ్నం మా పెరట్లో కాసిన సొరకాయ ఇద్దామని ఆమె ఇంటికి వెళ్లాను. డైనింగ్ టేబుల్ మీద బొంత పరుచుకుని, చిన్న కత్తెరతో వరంగల్ స్నేహితురాలి కుట్లు విప్పుతోంది. విప్పిన చోటల్లా స్కేలు పెట్టి గీసినట్టు తన కుట్లు.

“ఏం చేస్తున్నావు?”

“సరిచేస్తున్నా. దాని కుట్లు చూశావుగా, ఎటు పడితే అటు పోతున్నాయి.”

“దానికి చెప్పావా?”

“చెప్తే బాధపడదూ? కిందటేడు నుంచీ చేస్తున్నా. ఎవరికీ తెలీలేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. “చెయ్యి అదిమిపెట్టుకుని రెండు గంటలు కుట్టింది అది. నువ్వు పది నిమిషాల్లో విప్పేస్తావా? ఇదేమన్నా మీ సాఫ్ట్‌వేర్ బగ్గా?”

“బేబీ షవర్‌లో అందరూ చూస్తారు. చూసి దాని మీద జాలిపడాలా?”

“వాళ్ల సంగతి తర్వాత. ముందు జాలిపడుతున్నది నువ్వు.”

ఇంకా ఏదో అనబోయింది. వినకుండా వచ్చేశాను. తిన్నగా వరంగల్ స్నేహితురాలింటికి డ్రైవ్ చేశాను.

ఆమె వరండాలో కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా నిదానంగా విన్నది.

“నాకు ఎరుకే,” అంది. “నా కుట్టు నేను గుర్తుపట్టనా? నా చెయ్యి ఇప్పుడు గంత సక్కగ నడుస్తదా?”

“మరి ఎందుకు ఊరుకున్నావు?”

“మీరిద్దరు కలిసే చేస్తున్రనుకున్న.”

ఏడాది పాటు ప్రతి గురువారం ఆమె పక్కనే కూర్చున్నాను. ముందు వారం వంకరగా ఉన్న వరస మరుసటి వారానికి నిటారుగా ఎలా మారిందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. అప్పటిదాకా బందరు స్నేహితురాలి మీద ఉన్న కోపంలో సగం నా మీదికే తిరిగింది.

“ఇంకోటి,” అంది ఆమె. “ఆమె నన్ను అడగకుండ విప్పింది. నువ్వు నన్ను అడగకుండ లొల్లి పెట్టుకున్నవ్. ఇద్దరికీ ఫరక్ ఏముంది?”

ఉంది అనుకున్నాను.

మరుసటి గురువారం ఇద్దర్నీ తనే ఫోన్ చేసి తన ఇంటికి రమ్మంది. బందరు స్నేహితురాలు తెచ్చిన బొంత ముందర వేసుకుని, సంచిలోంచి ఎర్రదారం ఉండ తీసింది. మేం ఎప్పుడూ వాడేది తెల్లదారమే.

“ఇది నా దారం,” అని బందరు స్నేహితురాలితో చెప్పింది. “దీని జోలికి రాకు. నా బిడ్డకు నేను పంపేది ఇది. ఎట్లుంటె అట్లనే పోతది.”

బందరు స్నేహితురాలు సూదుల డబ్బా దగ్గరికి లాక్కుంది. “సూదిలోకి ఎక్కించి ఇవ్వనా?” అంది.

“అది ఇయ్యి. అది నాతోని అయితలేదు.”

వాళ్లిద్దరూ అంత సులువుగా మాటల్లో పడిపోవడం నాకు మింగుడుపడలేదు. ఆ రోజంతా ముభావంగానే కుట్టాను. నడుమ మూడు ఎర్రటి వరసలు ఎగుడుదిగుడుగా పడ్డాయి. బొంత అలాగే బాతెల్ వెళ్లింది.

ఇప్పుడు ప్రతి గురువారం, కుట్టడం మొదలుపెట్టేముందు కొత్త బొంత పరిచి వరంగల్ స్నేహితురాలి ఎర్ర కుట్లన్నీ ఒకసారి తడిమి చూస్తాను. బందరు స్నేహితురాలు చూసి, “ఇంకా నమ్మవా?” అంటుంది. నేను తర్వాతి వరస మీదికి వేలు జరుపుతాను.